అత్తా, లిబరల్ ఊరేది?

మా ఇళ్ళల్లో లిబరల్ అనే మాట వినిపించేది ఏడాదికి ఒకసారే, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో. "సోషల్ పేపర్లు ఈసారి ఎవరి చేతిలో పడ్డాయో?" "ఫలానా సారైతే లిబరల్‌గా వేస్తాడులే." 33 దగ్గర ఆగిపోయిన పిల్లాడికి మ్యాప్ పాయింటింగ్‌లో ఎక్కడో రెండు మార్కులు వెతికి 35 చేసే చెయ్యి లిబరల్ చెయ్యి. నేను ముప్పై అయిదేళ్ళు పంతులమ్మగా చేసి 2024లో రిటైరయ్యాను. నా చెయ్యి ఎట్టాంటిదో నాతో కూర్చుని దిద్దినవాళ్ళనడగాలి.

మొన్నామధ్య మా తమ్ముడి కొడుకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. అమెరికాలోనే ఎమ్మెస్ అయింది, రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. ఒకటి టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో. ఇంకొకటి విస్కాన్సిన్‌లో, మాడిసన్ అనే ఊళ్ళో. "అత్తా, నువ్వు సోషల్ టీచరువి గదా. అమెరికాలో బాగా లిబరల్ ఊళ్ళు ఏవంటావు? నాన్న టెన్షన్ పడుతున్నాడు, మనల్ని మనుషుల్లా చూసే ఊరికే పొమ్మంటున్నాడు" అన్నాడు. అమెరికాలో ఉన్నవాడు నెల్లూరు వేదాయపాళెంలో పచ్చిపులుసుకి చింతపండు పిసుకుతున్న నన్నడిగాడు చూడండి. నాకు నవ్వొచ్చింది. కానీ ఒక పంతులమ్మకి ప్రశ్న వేసి వదిలేస్తే ఆమె ఊరుకుంటుందా? ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లో కౌంటీలవారీ ఓట్ల లెక్కలు తీశాను.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి, చాలావరకు చిన్నది. అక్కడ లిబరళ్ళు ఎక్కువగా డెమొక్రాట్లకి వేస్తారు, కానివాళ్ళు రిపబ్లికన్లకి. లెక్క చూస్తే మాడిసన్ ఉన్న డేన్ కౌంటీలో 2020 అధ్యక్ష ఎన్నికల్లో నూటికి 75 ఓట్లు డెమొక్రాట్లకి. ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో సగానికి కాస్త పైన రిపబ్లికన్లకి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే ఏడాది 85 శాతం డెమొక్రాట్లకే. రాజధాని వాషింగ్టన్ అయితే మరీ చోద్యం, 92 శాతం బైడెన్‌కి, అయిదు చిల్లర ట్రంప్‌కి. అక్కడ రిపబ్లికన్ ఏజెంటుగా కూర్చున్నవాడికి మధ్యాహ్నం అన్నం ఎవరు తెచ్చిపెడతారో!

వాడికి ఈ నాలుగు అంకెలూ పంపించి పడుకోవచ్చు. కానీ ఇంకొక పేరు కంటబడింది. సౌత్ డకోటాలో ఒగ్లాలా లకోటా కౌంటీ. మొత్తం జనం పద్నాలుగు వేలకి అటూ ఇటూ, దాదాపు అందరూ అక్కడి మూలవాసులు, దేశంలో అతి పేద కౌంటీల్లో ఒకటి. చుట్టూ ఉన్న రాష్ట్రం చాలావరకు రిపబ్లికన్ ఎరుపైతే ఇక్కడ 88 శాతం డెమొక్రాట్లకి. లెక్క ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే లిబరల్. కాఫీ షాపులకీ యూనివర్సిటీ ప్రొఫెసర్లకీ పేరుపడ్డ చోటు కాదది. 1890లో వూండెడ్ నీ దగ్గర సైన్యం ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా కాల్చి చంపిన నేల అది. వాళ్ళ ఓటుని లిబరల్ అనాలా, జ్ఞాపకం అనాలా?

ఇది నాకు పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదు. ఎన్నికల డ్యూటీ చేసిన ఏ టీచరుకైనా వస్తుంది.

నా ఆఖరి డ్యూటీ 2024 మే 13. ముందురోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో ఆ ఎండలో మిషన్లూ వీవీప్యాట్లూ కవర్లూ సరిచూసుకుని బస్సెక్కి, బడికి చేరేసరికి పొద్దుపోయింది. పొద్దున్నే ఏజెంట్ల ముందు యాభై ఓట్ల మాక్ పోల్, ఆ తర్వాత ఇంక తల పైకెత్తే పని లేదు. ఆ ఊళ్ళో రెండు బూతులు. ఒకటి ఊరి మధ్య హైస్కూల్లో, ఒకటి ఎస్సీ కాలనీ ఎలిమెంటరీ బడిలో. నాకు కాలనీ బూతు పడింది. సాయంత్రం క్లోజ్ బటన్ నొక్కి, 17సి ఫారాలు రాసి ఏజెంట్లకి ఇస్తుంటే ఒకాయన నవ్వుతూ అన్నాడు. "మేడం, ఇందులో మొత్తం ఓట్లే గదా ఉండేది. ఎవరికెన్నో మేం ఇప్పుడే చెప్పగలం." చెప్పాడు కూడా. కౌంటింగ్ అయ్యాక వచ్చే ఫారం 20లో బూతులవారీగా అన్నీ ఉంటాయి. చూశాను. ఆయన అంకెకి పదకొండు తేడా.

అంటే ఆయన ఓటర్ల ఆలోచన లెక్కపెట్టలేదు, ఇళ్ళు లెక్కపెట్టాడు. మన దగ్గర బూతు అంటే వీధి, వీధి అంటే కులం. బ్యాలెట్ పేపర్ల కాలంలో కాగితాలు కలిపేసి లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది, ఏ వీధి ఎటు వేసిందో తేలేది కాదు. మిషన్లొచ్చాక అన్నీ అద్దంలో కనపడతాయి. బూతుల లెక్కలు కలిపి చూపించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. ఇంతవరకూ రాలేదు. అందుకే ఫలితాలొచ్చిన మర్నాడు "మీ బూతులో మాకెన్నొచ్చాయో తెలుసులే" అనే మాట ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఎవరో ఒకరితో అంటారు. ఆ మాట తర్వాత మంచినీళ్ళ పైపు ఎక్కడిదాకా వేస్తారో నేను చెప్పక్కర్లేదు.

అమెరికాలో దీనికి తల్లకిందులు. చాలా రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడే నేను ఫలానా పార్టీ అని రాయించుకుంటారట. మా నాయన బతికుంటే "ఇంకేం, పెళ్ళిచూపులకి అదొక కాలమ్" అనేవాడు.

సరే, ఓటుని పట్టుకుని ఊరి గుణం చెప్పొచ్చా అన్నది కదా సంగతి. కాలిఫోర్నియా సంగతి చూడండి. 2008 నవంబరులో ఒకే రోజు, ఒకే కాగితం మీద, ఆ రాష్ట్రం ఒబామాకి 61 శాతం ఓట్లు వేసింది. అదే కాగితంలో మగవాళ్ళు మగవాళ్ళనీ ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ పెళ్ళి చేసుకోకూడదన్న ప్రతిపాదనకి 52 శాతం అవునన్నారు. నల్లజాతి అధ్యక్షుడు కావాలి, పక్కింట్లో ఆ పెళ్ళి వద్దు. ఇంకో పక్క కాన్సస్. ట్రంప్‌కి 2020లో 56 శాతం ఇచ్చిన రాష్ట్రం. 2022 ఆగస్టులో గర్భస్రావం హక్కుని తమ రాష్ట్ర రాజ్యాంగంలోంచి తీసేద్దామా అని అడిగితే 59 శాతం మంది కుదరదన్నారు. ఊరు ఊరంతా ఒక రంగులో ఉండదు, ప్రశ్న మారితే రంగు మారుతుంది. మావాడికి ఇదే చెప్పాను. "అత్తా, నేనడిగింది ఊరి పేరు, నువ్వు పాఠం చెప్తున్నావు" అన్నాడు. నిజమే. అలవాటు.

కాన్సస్ పేరు చెప్పగానే నాకు కలిగిరి గుర్తొస్తుంది. ఎందుకో చెప్తాను.

1991లో నేను కలిగిరి మండలంలో ఒక ఊళ్ళో ఎలిమెంటరీ టీచర్ని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. జిల్లా అంతా అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. పగలు పిల్లలకి, రాత్రి వాళ్ళ అమ్మలకి. రామాలయం అరుగు మీద లాంతరు పెట్టి పదిహేనూ ఇరవై మంది కూర్చునేవాళ్ళు, సగం మంది పొలం నుంచి వచ్చిన కాళ్ళు కడుక్కోకుండానే. ఒక పెద్దామె ఉండేది. పలక ఒళ్ళో పెట్టుకుని బలపాన్ని కొడవలి పట్టినట్టు పట్టేది. స, ర గుణింతాలు నేర్పుతున్న రోజు నేను ఆలోచించకుండా "సారా" అని రాశాను, అందరికీ తెలిసిన మాట గదా అని. ఆమె లేచి వచ్చి, నా చేతిలో గుడ్డ తీసుకుని, బోర్డు మీద ఆ మాట తుడిచేసింది. "అది నేర్చుకునేదేంది తల్లీ. రోజూ ఇంటికొస్తోంది గదా." మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

ఆ వాచకంలోనే ఆడవాళ్ళు ఏకమైతే ఏమవుతుందో చెప్పే పాఠం ఉండేది. మాకు నాలుగు ఊళ్ళ అవతల దూబగుంటలో ఆ పాఠాన్ని పాఠంలా వదిలెయ్యలేదు. రోసమ్మా, ఆమెతో ఉన్న ఆడవాళ్ళూ పోయి సారా అంగడి మూయించారు. 1992లో అది ఊరూరా పాకింది. సారా వేలంపాటలు పెట్టడం, వాయిదా వెయ్యడం, మళ్ళీ పెట్టడం. ఆడవాళ్ళు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని అడ్డం కూర్చుంటే అధికారులు మాత్రం ఏం చేస్తారు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఖజానా ఖాళీ అన్నారు.

ఇది మావాడికి చెప్తే వాడన్నాడు, "అత్తా, తాగొద్దని చట్టం చెయ్యడం లిబరల్ కాదు గదా. అది వ్యక్తి ఇష్టం." వాడు చదివిన పుస్తకాల్లో అంతే ఉంటుంది. వాడి వాదం తప్పని నేననను. కానీ కూలి డబ్బులు ఇంటికి రాకుండా అంగట్లో ఆగిపోతే, వ్యక్తి ఇష్టమంటే ఎవరి ఇష్టం? ఆ పలక పట్టుకున్నామెది కూడా ఒక వ్యక్తి ఇష్టమే గదా. అప్పుడే వాడికి కాన్సస్ సంగతి మళ్ళీ చెప్పాను. 1880లోనే రాజ్యాంగంలో మద్యనిషేధం రాసుకున్న రాష్ట్రం. క్యారీ నేషన్ అనే ఆమె చిన్న గొడ్డలి పట్టుకుని బార్లలోకి పోయి సీసాలూ అద్దాలూ పగలగొట్టింది కూడా అక్కడే, 1900 ప్రాంతంలో. ఆడవాళ్ళకి ఊరి ఎన్నికల్లో ఓటు 1887లోనే ఇచ్చారు. అదే ఏడాది ఆర్గోనియా అనే చిన్న ఊళ్ళో సుసన్నా సాల్టర్ మేయరయింది. ఆ దేశంలో మొదటి మహిళా మేయర్. ఆమెని ఎగతాళి చెయ్యడానికి మగవాళ్ళు కొందరు ఆమె పేరుని పోటీలో పెడితే, నిజంగానే గెలిచి కూర్చుంది. ఇప్పుడు పటం మీద ఆ రాష్ట్రం ముదురు ఎరుపు. మావాడి లెక్కలో సున్నా మార్కులు.

మన నేలకి మాత్రం ఎన్ని మార్కులు వెయ్యాలి? అలగానిపాడులో పుట్టిన సుందరరామిరెడ్డి పేరు చివర రెడ్డి తీసేసి పుచ్చలపల్లి సుందరయ్య అయ్యాడు. పొట్టి శ్రీరాములంటే అందరికీ మద్రాసులో చేసిన 58 రోజుల దీక్షే గుర్తు. అంతకుముందు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనుల్ని రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశాడని మా బడిపిల్లల్లో ఒక్కరూ చెప్పలేకపోయేవాళ్ళు. పొణకా కనకమ్మ ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన ఊరు ఇది. ఇటు ఒంగోలు వైపు పోతే టంగుటూరి ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లా. అదే జిల్లాలో, 1985 జూలైలో, అప్పటికి ప్రకాశంలోనే ఉన్న కారంచేడులో, మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకి ఆరుగురు దళితుల్ని చంపేశారు. ఈ ఊళ్ళన్నీ ఒకే హైవేకి అటూ ఇటూ ఉంటాయి.

ఇంక ఇల్లు సంగతి. ఇది రాయకుండా ఉండలేను.

2009లో పిల్లల చదువుల కోసం నెల్లూరుకి మారాం. మా బడిలో తెలుగు చెప్పే మేడం కూడా అప్పుడే ఇల్లు వెతుక్కుంటోంది. ఇద్దరం కలిసి తిరిగాం, ఆదివారాలు. టు లెట్ బోర్డులుండేవి. ఎక్కడా ఎవరూ కులం అడగలేదు. అడిగింది ఇవి: "మీ ఇంటిపేరేందమ్మా?" "సొంతూరు ఏది?" "మాంసం అదీ వండుతారా? అంటే మాకేం పర్లేదు, పైన అత్తగారుంటారు." ఒకింట్లో హాలు గోడకి సుందరయ్య ఫొటో ఉంది, దండ వేసి. కాఫీ ఇచ్చారు. పెద్దాయన బాగా చదువుకున్నవాడు, మూఢనమ్మకాల మీదా కట్నాల మీదా పావుగంట మాట్లాడాడు. మా మేడం ముఖం వెలిగిపోయింది. లేచేటప్పుడు ఆయన నవ్వుతూ అడిగాడు.

"ఏ ఊరన్నారూ?"

ఆమె చెప్పింది.

"ఓ, తెలుసు తెలుసు. ఆ ఊళ్ళో ఏ వైపు?"

అంతే. ఏ వైపు. మా జిల్లాల్లో ఇంతకంటే మర్యాదైన ప్రశ్న లేదు, ఇంతకంటే పదునైనదీ లేదు. ఊరికి ఎన్ని వైపులున్నా జవాబులు రెండే. ఆమె దాచలేదు, చెప్పింది. ఆయన కాఫీ గ్లాసులు తీసుకుంటూ "మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చేస్తానంటున్నాడు, ఒక మాట వాణ్ణడిగి ఫోన్ చేస్తా" అన్నాడు. బయటికొచ్చాక గేటు మీద నేమ్ ప్లేటు చూశాను. పేరు చివర తోక భద్రంగానే ఉంది. బోర్డు ఇంకో మూడు నెలలు అట్టాగే వేలాడింది. ఆ రోజు నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయన అడిగిన ఏ వైపుకి నా దగ్గర వేరే జవాబుంది. మేం ఆ వీధిలోనే ఇంకో ఇంట్లో దిగాం కూడా. (ఇప్పుడు మీరు నా ఇంటిపేరు కోసం వెతుకుతుంటారు. నాకు తెలుసు.)

కాబట్టి బర్క్‌లీ గురించి చదివినప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. కాలిఫోర్నియాలో ఆ ఊరు లిబరళ్ళకి కాశీ లాంటిది. 1964లో విద్యార్థులు మాట్లాడే హక్కు కోసం యూనివర్సిటీని స్తంభింపజేసిన ఊరు. 1968లో కోర్టు చెప్పకుండానే తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ బస్సుల్లో అటూ ఇటూ పంపి బడులు కలిపిన ఊరు. ఆ బస్సెక్కిన పిల్లల్లో కమలా హారిస్ ఒకరు. అదే బర్క్‌లీ 1916లో ఒక వాడలో ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఒకే ఇల్లు ఉండాలని రూలు పెట్టింది, ఆ దేశంలో అట్టాంటి రూళ్ళలో మొట్టమొదటిది. అపార్ట్‌మెంట్ లేకపోతే డబ్బులేనివాడు రాలేడు. డబ్బులేనివాడి రంగు ఏమిటో వాళ్ళకి తెలుసు. ఎవర్నీ ఏ వైపు అని అడిగే పని కూడా లేదు, స్థలం కొలతే అడుగుతుంది. ఆ పద్ధతి పోవాలని ఊరి కౌన్సిల్ తీర్మానం చేసింది 2021లో. నూటయిదేళ్ళు.

ఇంక సియాటిల్. 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధించిన మొదటి అమెరికా నగరం. అప్పటి కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ పెట్టిన ప్రతిపాదన, ఆరు ఓట్లు అటు, ఒకటి ఇటు. చదివి సంతోషించాను గానీ ఒక్క మాట. ఆ చట్టం అక్కడి తెల్లవాళ్ళ కోసం పుట్టలేదు గదా. సూట్‌కేసులో ఆవకాయతోపాటు మనం ఏం పట్టుకెళ్ళామో దాని కోసం పుట్టింది. వద్దని గొడవ చేసినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. అదే ఏడాది కాలిఫోర్నియా కూడా అట్టాంటి బిల్లు పాస్ చేస్తే గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు.

వారం తర్వాత మావాడికి ఫోన్ చేసి నా తీర్పు చెప్పాను. మాడిసన్‌కి పో. ఓట్ల శాతం చూసి కాదు. 1982లో, ఆ దేశంలో ఇంకే రాష్ట్రమూ చెయ్యకముందు, మగవాళ్ళని ఇష్టపడే మగవాణ్ణి ఆ కారణంతో ఉద్యోగంలోంచి తియ్యకూడదు, ఇల్లు ఇవ్వననకూడదు అని విస్కాన్సిన్ చట్టం చేసింది. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్. ఇల్లు ఎవరికిస్తారన్న దగ్గర ముందు నిలబడ్డ చోటు నాకు నచ్చింది. పైగా తనకి పనికిరాని మనిషి కోసం చేసిన చట్టం.

వాడు అంతా విని, "అత్తా, ప్లేనోకి సంతకం పెట్టేశాను. ఇరవై వేల డాలర్లు ఎక్కువ. అక్కడ స్టేట్ ఇన్‌కం టాక్స్ కూడా లేదు. మాడిసన్‌లో చలికి చచ్చిపోతాను" అన్నాడు. మా తమ్ముడు పక్కనుంచి "గుడి కూడా దగ్గరంటక్కా" అన్నాడు. వారం రోజుల నా రీసెర్చ్‌కి వాళ్ళిచ్చిన మార్కులవి.

పోయిన ఆదివారం మళ్ళీ కాల్ చేశాడు. రూమ్ దొరికింది. మొదట చూసిన అపార్ట్‌మెంట్ ఆఫీసులో తెల్లామె అడిగినవి మూడే: జీతం కాగితాలు, క్రెడిట్ స్కోరు, కుక్క ఉందా. అద్దె ఎక్కువని వద్దనుకున్నాడు. తర్వాత తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన చూసి వెళ్ళాడు, మన కుర్రాళ్ళే ముగ్గురుంటున్నారు. బాగా మాట్లాడారట, దోసెలు వేసి పెట్టారట.

"ఏమడిగారురా?" అన్నాను.

"ఏముందత్తా, మామూలే. ఏ ఊరు అన్నారు. నెల్లూరు అన్నా."

"ఊఁ."

"నెల్లూర్లో ఏ వైపు అన్నారు."